పక్క సీటుకు సున్నా టికెట్

ఈ మధ్య టీ కప్పులు మరీ చిన్నవైపోయాయి. ఎవరూ పట్టించుకోవడం లేదు. నేను చదువుకునే రోజుల్లో గాజు గ్లాసులో పోసేవాళ్ళు. ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఒక ప్రభుత్వాన్ని దించి ఇంకొకదాన్ని ఎక్కించేవాళ్ళం. ఇప్పుడిచ్చే పేపరు కప్పు, దగ్గుమందు సీసా మూతకి పెద్దన్నలా ఉంటుంది. రెండు గుక్కలు. మూడో గుక్కకి కప్పే నోట్లోకి వస్తుంది.

నంద్యాల స్టేషన్ బయట ఆ ఉదయం నా ముందుకు అలాంటి కప్పులే వచ్చాయి. టీ అమ్మే అతను రెండు చాచాడు. నాకు ఒకటే చాలన్నాను. "సరేప్పా" అని రెండోది తనే తాగేశాడు. అప్పుడు దాని గురించి ఏమీ అనుకోలేదు.

నా సంగతి ముందే చెప్పాలి. నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఆడిటింగ్ చెబుతాను. వోచరు లేని ఖర్చును ఒప్పుకోవద్దని ఏళ్ళ తరబడి చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి. దయ్యాలతో నాకు విరోధం లేదు. వాటి తరఫున ఎవరూ కాగితాలు చూపించలేదు, అంతే. నా భార్య కుసుమ పోయాక ఆ అభిప్రాయం ఇంకా గట్టిపడింది. పోయినవాళ్ళు తిరిగి రావడమనేదే ఉంటే కుసుమ మా వంటింటికి రాకుండా ఉండదు. పోపు మాడ్చిన ప్రతిసారీ వెనక్కి తిరిగి చూశాను. రాలేదు.

ఆమె పోయిన తీరు కూడా చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం బాగానే మాట్లాడింది. దుప్పటి సర్దుకుని, "పోయి టీ తాగి రండి" అంది. నాకు తాగాలని లేదన్నాను. "తాగి రండి" అని మళ్ళీ అంది. కిందికి వెళ్ళి తాగాను. చిన్న కప్పే. రెండు గుక్కలే. వేడిగా ఉందని ఊదుకున్నాను. పైకి వచ్చేసరికి నర్సు మంచం చుట్టూ తెర లాగుతోంది.

అప్పట్నుంచి నాకు ఒకే ఒక్క ప్రశ్న. తను పోతున్నానని కుసుమ తెలిసే పంపిందా? తెలియక పంపిందా? దీనికి జవాబు ఎవరి దగ్గరా లేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్ళను అడిగితే టాపిక్ మార్చేవాళ్ళు.

నంద్యాల, మహానంది, ఆళ్ళగడ్డ చూడాలని ఇద్దరం కలిసి వేసుకున్న ప్రయాణం అది. ఆమె జబ్బు వల్ల ఆగిపోయింది. ఏడాది దాటాక నేనొక్కణ్ణే బయల్దేరాను. జీవితంలో ఒంటరిగా చేసిన మొదటి ప్రయాణం. నేను చెప్పేదంతా అందులో మొదటి రోజు జరిగింది. రెండో రోజు ఏమీ జరగలేదు. అదే ఎక్కువ బాధ.

ఆళ్ళగడ్డలో నాకు పని ఉంది. అక్కడ రాతితో దేవుళ్ళను చెక్కుతారన్నది అందరికీ తెలిసిందే. ఫొటో ఇస్తే పోయిన మనుషుల బొమ్మలు కూడా చేస్తారు. కుసుమది భుజాల దాకా, బల్ల మీద పెట్టుకునేంత బొమ్మ చేయించాలని నా ఆలోచన. చిక్కల్లా ఫొటోతోనే వచ్చింది. కెమెరా ఎత్తగానే కళ్ళు మూసే అలవాటు ఆమెకు. మా పెళ్ళి ఆల్బమ్ మొత్తం చూస్తే నేనేదో నిద్రపోతున్న అమ్మాయిని చేసుకున్నట్టుంటుంది. కళ్ళు తెరిచిన ఫొటో ప్రపంచంలో ఒక్కటే ఉంది. అది ఆధార్ కార్డు మీద. ఆ కేంద్రంలో కనుపాపలు కూడా తీసుకుంటారు కాబట్టి ఆ రోజు తప్పించుకోలేకపోయింది. ఆ కార్డు నా పర్సులో, నా కార్డు వెనకే ఉంటుంది.

ఉగ్గాని, బజ్జీ తిని నంద్యాల బస్టాండుకు వెళ్ళి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. ఇద్దరు పట్టే సీటులో కిటికీ పక్కన కూర్చుని అద్దం మూసేశాను. ఈ అద్దం సంగతి గుర్తుంచుకోండి.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక పల్లె బస్సుల్లో నిలబడే చోటు కూడా కష్టమే. ఆ రోజూ అంతే. తలుపు దాకా జనం. అయినా నా పక్క సీటు ఖాళీగానే ఉంది. మొదట నా మొహం చూసి ఎవరూ కూర్చోవడం లేదనుకున్నాను. గుంటూరులో స్టాఫ్‌రూమ్‌లో కూడా ఇలాగే జరుగుతుంది. చంకలో పిల్లతో ఉన్న ఒకామె ఆ ఖాళీ సీటు వైపు వంగి "రవ్వంత జరుగక్కా, బిడ్డను ఆనిచ్చుకుంటా" అంది. తర్వాత "ఉండనీలే" అని పిల్లను చంక మార్చుకుంది. ఎవరితో అందో నాకు తెలియలేదు.

ఖాకీ కోటు వేసుకున్న కండక్టరమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"యాడికప్పా?"

"ఆళ్ళగడ్డ. ఒకటి."

నా టికెట్ కొట్టి ఇచ్చింది. కదల్లేదు.

"ఆయమ్మది?"

"ఏ అమ్మది?"

"నీ పక్కనుండే ఆయమ్మది. ఆధార్ చూపీ."

నేనొక్కణ్ణే వచ్చానని చెప్పాను. ఆమె నన్ను మొగుళ్ళందరినీ చూసినట్టు చూసింది.

"ఇంట్లో కొట్లాడుకోని వచ్చింటారు, నాకేం పనిలే. ఆడోళ్ళకు దుడ్లు లేకపోయినా టికెట్టు కొట్టాల్సిందే. చెకింగోళ్ళు ఎక్కి ఆయమ్మ చేతిలో టికెట్టు లేదంటే నా మెడకు సుట్టుకుంటాది. బేగా తియ్యి."

ఆమె చెప్పింది నిజమే. ఉచితమైనా సున్నా రూపాయల టికెట్ ఒకటి ఇవ్వాలి. దాన్నే సున్నా టికెట్ అంటున్నారు. నా దగ్గర నా కార్డు తప్ప ఇంకేమీ లేదని చూపించడానికే పర్సు తెరిచాను. నా కార్డు లాగితే దాని వెనక కుసుమ కార్డు కూడా వచ్చింది. కండక్టరమ్మ దాన్ని తీసుకుంది. ఫొటో చూసింది. ఖాళీ సీటు వైపు చూసింది. మళ్ళీ ఫొటో చూసింది.

"ఈయమ్మే గదా. ఫొటోలో బక్కగా ఉండాది" అని మిషన్ నొక్కి సున్నా టికెట్ చించి, నాకు కాదు, సీటు వైపు చాచింది. తర్వాత "మీ ఆయప్ప చేతికే ఇస్తాలే" అని నాకిచ్చి ముందుకు పోయింది.

పక్కకి చూశాను. చిరిగిన రెక్సిన్, అందులోంచి పచ్చటి స్పాంజి. మరేమీ లేదు. చెయ్యి పెట్టి చూశాను. ఎండ తగిలిన సీటు ఎంత వెచ్చగా ఉంటుందో అంతే వెచ్చగా ఉంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. సరదాగా చెబుతున్నానని అనుకుంటారేమో. నా చెయ్యి ఆ సీటు మీద నుంచి తియ్యడానికి చాలాసేపు పట్టింది.

నడవకు అవతలి సీట్లో తెల్ల చీర కట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది. ఒళ్ళో బైబిలు, దాని మీద వేయించిన వేరుశనగకాయల పొట్లం. ఆ కాయల్ని అక్కడ బుడ్డలంటారు. సంజామల దగ్గర బడిలో టీచరుగా పనిచేసి రిటైరయిందట, పేరు మేరమ్మ. ఇదంతా ఆవిడ నాకు చెప్పలేదు. నా పక్క సీటుకు చెప్పింది.

"యాడ మీది మా?" అని అడిగి కాసేపు ఆగింది. "గుంటూరా. శానా దూరం." మళ్ళీ ఆగింది. "కుసుమా? మా చెల్లెలి పేరూ అదే." గుప్పెడు బుడ్డలు ఆ సీటు మీద పోసింది. "మీ ఆయప్ప మాట్లాడడేమి? చెవుడా?"

ఆడిటింగ్ చెప్పేవాణ్ణి కాబట్టి ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కార్డు మీద పేరూ ఊరూ మేరమ్మ టీచరు చదివి ఉండవచ్చు. కండక్టరమ్మ కార్డు అందరికీ కనబడేలా పట్టుకుంది. కాబట్టి దాన్ని సాక్ష్యంగా పెట్టుకోను.

"ఎవరితో మాట్లాడుతున్నారు టీచరుగారూ?" అని అడిగాను.

"మీ ఇంటామెతోనే. గాలి తగిలితే చెవి పోటు వస్తాదంట గదా. మీరు ఎక్కంగనే అద్దం మూసినారంట, చెప్పి మురుస్తాంది."

అద్దం ఎందుకు మూశానో నాకు అప్పుడు తెలిసింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏ బస్సెక్కినా నేను చేసే మొదటి పని అది. ఉక్కపోతలో, పక్కన ఎవరూ లేని సీటులో, ఆ ఉదయం కూడా చేశాను. నేను చేసినట్టు నాకే తెలియదు. కుసుమ చెవి పోటు గురించి ఆ బస్సులో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నడవ వైపు వంగాను. ఎలాగో అడిగాను. "టీచరుగారూ, ఆమెను ఒక్కటి అడగండి. నన్ను టీకి పంపింది కదా. తెలిసే పంపిందా?"

మేరమ్మ టీచరుకు చిరాకేసింది. "పక్కన్నే ఉండాది గదా సార్. మీరే అడగండి. మొగుడూ పెండ్లాల మధ్య నేనేంది?" అని కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాతి ఊళ్ళో దిగిపోయింది. దిగేటప్పుడు నా పక్క సీటుకు మాత్రం "వస్తా మా" అని చెప్పింది.

అడిగాను. బస్సు నిండా జనం చూస్తుండగా ఖాళీ సీటు వైపు తిరిగి అడిగాను. మెల్లగా ఒకసారి, కాస్త గట్టిగా ఒకసారి. ముందు సీటులోని ముసలాయన వెనక్కి తిరిగి "ఇంటికి పోయినాక మాట్లాడుకో నాయనా, ఆడకూతురిని బస్సులో గదమాకు" అన్నాడు. బుడ్డలు సీటు మీద అలాగే ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. బస్సు కుదుపుకి రెండో మూడో కింద పడ్డాయి.

ఆళ్ళగడ్డలో బస్సు దిగేటప్పుడు తలుపు దగ్గర పక్కకి జరిగి నిలబడ్డాను. ముందు ఆమె దిగుతుందని. ఎవరూ దిగలేదు. వెనకవాళ్ళు తిట్టారు.

శిల్పి బ్రహ్మయ్య షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. రేకుల కప్పు, నేలంతా తెల్లటి రాతి పొడి, చెవులు ఇంకా చెక్కని ఒక నంది, గోడకి ఆనించిన దేవతలు. ఏ దేవతకూ కళ్ళు లేవు. కళ్ళు ఆఖర్న తెరుస్తారు. అతను ఉలి ఆపి నా మాట విన్నాడు. నేను కార్డు ఇచ్చి, ఇది నా భార్య, బొమ్మ చెయ్యాలి అన్నాను. అతను ఫొటో చూశాడు. నా భుజం మీదుగా వాకిలి వైపు చూశాడు. ఆ చూపును ఆ రోజు నేను అప్పటికే ఒకసారి చూసి ఉన్నాను.

"ఏందప్పా ఇది? మనిషిని ఎంట పెట్టుకొచ్చి రాయి కొట్టమంటావ్?"

నేనూ వాకిలి వైపు తిరిగి చూశాను.

"పోయినోళ్ళకే కండ్లు తెరుస్తాం మేము. ఉండేటోళ్ళకు తెరిస్తే ఆయుస్సు రాయిలోకి పోతాది. మా నాయన కాలం నుంచి అంతే. ఎంత పెద్దోళ్ళు వచ్చి అడిగినా చెయ్యల్యా."

"ఆమె పోయిందండీ. ఏడాది దాటింది."

అతని మొహం ఎర్రబడింది. "ఆయమ్మ ముందరే అంటాండావే! సిగ్గుండల్ల."

మరణ ధ్రువపత్రం నా ఫోనులో ఉంది. తీసి చూపించాను. జీవితమంతా నేను నమ్మిన పద్ధతి అదే, కాగితం చూపించడం. బ్రహ్మయ్య దాని వైపు కూడా చూడలేదు. "ఫోన్లో ఏమన్నా వస్తాది" అన్నాడు. లోపల్నుంచి అతని భార్య వచ్చి నన్ను దాటుకుని వాకిట్లోకి పోయి, "ఎండలో నిలబెట్టినాడేమ్మా నిన్ను? నీడకు రా" అని ఎవరినో లోపలికి తీసుకొచ్చినట్టు నడిచి వచ్చింది. రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. ఒకటి నాకిచ్చి రెండోది నంది పక్కనున్న బండ మీద పెట్టింది.

నేను ఇక దాచుకోలేకపోయాను. "అయ్యా, ఆమె ఎక్కడుంది? నాకు కనబడటం లేదు" అన్నాను.

బ్రహ్మయ్య కోపం పోయింది. దాని చోట వచ్చింది జాలి కాదు, మర్యాదకు చూపు తిప్పుకోవడం లాంటిది. ఉలితో చూపించాడు. "ఆడ. నంది పక్కన."

నేల మీద అంత పొడి ఉంది కదా, అడుగుల కోసం చూశాను. నావి ఉన్నాయి. బ్రహ్మయ్య భార్యవి ఉన్నాయి. ఫోనుతో ఫొటో తీశాను. చెవుల్లేని నంది, మజ్జిగ గ్లాసు పడ్డాయి. ఆమె నిజంగా అక్కడే ఉన్నా నేను కెమెరా ఎత్తగానే కళ్ళు మూసుకునే ఉంటుంది. ఆ మాట పైకే అన్నాను, నవ్వుతుందేమోనని.

ఆ మధ్యాహ్నమంతా నంది పక్కన కూర్చున్నాను. ఊళ్ళో ముక్కూ మొహం తెలియని ప్రతి మనిషికీ కనిపిస్తోంది. పేరడుగుతున్నారు, నీడకు పిలుస్తున్నారు, మజ్జిగ ఇస్తున్నారు. ముప్ఫై ఏళ్ళు పక్కన పడుకున్నవాడికి రాయి కనబడుతోంది. ఇందులో న్యాయం ఏమిటో ఎవరిని అడగాలో నాకు తెలియదు. అడగాల్సింది మాత్రం ఆమెనే అడిగాను. నన్ను ఎందుకు పంపావు? తెలిసే పంపావా? నేను అక్కడ ఉండగా పోవడం నీకు ఇష్టం లేకపోయిందా? ఇంకా కొన్ని అడిగాను, అవి ఇక్కడ రాయను. బ్రహ్మయ్య భార్య ఇటు వస్తుంటే, "మాట్లాడుకుంటాండారు, లోపలికి పో" అని అతను మెల్లగా అనడం వినబడింది.

పొద్దు వాలాక అతను ఉలి పక్కన పెట్టి చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏమన్నెప్పా?"

"ఏమీ అనలేదు."

"నవ్వుతాంటే ఏమీ అనలేదంటావేంది?" అన్నాడు.

నేను మళ్ళీ చూశాను. మజ్జిగ మీద రాతి పొడి తెట్టు కట్టింది. అంతే.

ఆ రోజు గురించి తర్వాత చాలా ఆలోచించాను. కుసుమ పోలికలున్న వేరే ఆడమనిషి ఎవరో ఆ పూటంతా నా చుట్టుపక్కల తిరిగిందనుకుందామంటే, నేను అంధుణ్ణి కాను. వాళ్ళంతా కలిసి నన్ను ఆట పట్టించారనుకుందామంటే, కండక్టరమ్మకు, మేరమ్మ టీచరుకు, బ్రహ్మయ్యకు ఒకరికొకరు తెలియదు. నాకే బుర్ర చెడిందనుకుందామంటే, చెడిన బుర్రకైనా ఆమె కనబడాలి కదా. నాకు ఒక్కడికే కనబడలేదు. పిచ్చిలో కూడా నాకు వాటా రాలేదు. సున్నా టికెట్ ఒక్కటే నా దగ్గరున్న వోచరు. పర్సులో ఆ కార్డుకు చుట్టి పెట్టాను. ఆ కాగితం మీద సిరా నిలవదు. ఇప్పుడు రెండు వైపులా తెల్లగా ఉంది. నా విద్యార్థి ఎవరైనా అలాంటి వోచరు తెస్తే సున్నా వేస్తాను. ఇప్పటికీ నాకు ఏమీ తేలలేదు. తేలుతుందని కూడా అనుకోవడం లేదు.

ఆ సాయంత్రం బ్రహ్మయ్య దగ్గర సెలవు తీసుకుని బస్టాండుకు నడిచాను. మెల్లగా నడిచాను. ఆమె వేగంగా నడవలేదు. రోడ్డు దాటేటప్పుడు చెయ్యి కాస్త పక్కకి చాచి ఉంచాను. నంద్యాల బస్సు సిద్ధంగా ఉంది. పొద్దున వచ్చిన బస్సే, అదే కండక్టరమ్మ. జనం పలచగా ఉన్నారు. కిటికీ పక్కన కూర్చుని అద్దం మూశాను. ఈసారి తెలిసే మూశాను. పక్క సీటు మీద ఎవరూ కూర్చోకుండా తువ్వాలు పరిచాను.

నంద్యాల చేరేలోపు ఏదో ఒక జవాబు వస్తుందని నాకు నమ్మకం కుదిరింది. నమ్మకం అనే మాట నేను రాయడం ఇదే మొదటిసారి. ఆమెకు ఆలోచించుకోవడానికి సమయం కావాలి, అంతే అనుకున్నాను. జవాబు రాకపోయినా పరవాలేదనుకున్నాను. పక్కన ఉంటే చాలు. కనబడకపోయినా చాలు. గుంటూరు దాకా, ఆ తర్వాత వంటింటి దాకా.

బస్సు ఊరు దాటాక కండక్టరమ్మ వచ్చింది. అడక్కముందే రెండు కార్డులూ తీసి చాచాను. "నంద్యాల. నాకొకటి, ఆమెకు సున్నా టికెట్" అన్నాను.

ఆమె నా టికెట్ ఒక్కటే కొట్టింది. కుసుమ కార్డు నా చేతిలో తిరిగి పెట్టేసింది.

"ఆమెది?" అని అడిగాను.

కండక్టరమ్మ తువ్వాలు పరిచిన సీటు వైపు, తర్వాత నా వైపు చూసింది.

"ఆయమ్మ నిన్ను బస్సెక్కిచ్చి ఎనక్కి పాయ గదప్పా. పోతాండానని నీకు చెప్పల్యా?"